ఒకే మంచం చుట్టూ ఐదు చదువులు

పత్తి చేలకు పురుగుల మందు కొట్టే కాలం వచ్చిందంటే, ఉత్తర తెలంగాణ ఆసుపత్రుల్లో పనిచేసిన వాళ్లకు ముందుగా గుర్తుకు వచ్చేది ఒక వాసన. వెల్లుల్లినీ కిరోసిన్‌నూ కలిపినట్టుండే ఆ వాసన రోగి కంటే ముందే వార్డులోకి వస్తుంది. రోగిని మరో వార్డుకు మార్చిన తరువాత కూడా పరుపును వదలదు. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపుల నుంచి అలా వచ్చిన రోగుల మంచాల దగ్గర నేను పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఇప్పుడు హనుమకొండలో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ చదివే పిల్లలు డిగ్రీ చేతికి రాకముందే కొంతకాలమైనా ఒకే గదిలో కూర్చుని, ఒకే రోగి గురించి కలిసి నేర్చుకోవాలని నేను ఎందుకు ఇంతగా పట్టుబడుతున్నానో ఇక్కడ వివరంగా చెప్పాలనుకుంటున్నాను. అందుకు ఒక రాత్రి సంగతి ముందుగా చెప్పాలి.

ఇది దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను పనిచేస్తున్న ఒక ఆసుపత్రిలో నాకు రాత్రి డ్యూటీ. మందు కొడుతూ కొడుతూ చేనులోనే పడిపోయిన ఒక రైతు మా వార్డులో ఉన్నాడు. వయసు నలభై అయిదు ఉంటుంది. చేరి మూడో రోజు. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మోతాదు తగ్గిస్తూ వచ్చారు. కనుపాపలు మామూలు స్థితికి వచ్చాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము లేదు, నాడి, బీపీ బాగానే ఉన్నాయి. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారు చూసి, మర్నాడు జనరల్ వార్డుకు మార్చవచ్చని చెప్పి వెళ్లారు. రాత్రి ఒంటి గంట ప్రాంతంలో రోగి భార్య నా దగ్గరికి వచ్చి, "తలకాయ లేపుతలేడు సిస్టరమ్మా, మంచినీళ్లు తాపుదామంటె మెడ నిలుస్తలేదు" అని చెప్పింది. నేను వెళ్లి చూశాను. చేతులు కదుపుతున్నాడు, అడిగినదానికి సన్నగా జవాబు చెబుతున్నాడు, కానీ దిండు మీది నుంచి తల ఎత్తలేకపోతున్నాడు. నీరసమేమో అనుకున్నాను. అయినా మనసు ఒప్పుకోక హౌస్ సర్జన్ దగ్గరికి వెళ్లి, "సార్, ఏడో నంబరు పేషెంటు కొంచెం నీరసంగా ఉన్నాడు" అన్నాను. ఆయన నాడి ఎంత, బీపీ ఎంత అని అడిగారు. చెప్పాను. రెండూ మామూలుగానే ఉన్నాయి. "చూస్తూ ఉండండి సిస్టర్" అన్నారు. అంతకు ముందు రోజు ఉదయం నుంచి ఆ కుర్ర డాక్టరు నిద్రపోలేదని నాకు తెలుసు. తెల్లవారుజామున నాలుగు గంటలకు రోగికి ఊపిరి అందలేదు. పరుగులు పెట్టి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు.

ఆయన బతికాడు. రెండు వారాలకు పైగా వెంటిలేటర్ మీద ఉండి, ఆ తరువాత తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్లాడు. బతికాడు కాబట్టే ఆ రాత్రి ఏం జరిగిందో మాలో ఎవరమూ మాట్లాడుకోలేదు. ప్రాణం పోయి ఉంటే కేస్ షీట్ తెరిచేవాళ్లు, ఎవరు ఎప్పుడు ఏం చెప్పారో అడిగేవాళ్లు. రోగి ఇంటికి వెళ్లిపోయాడన్న సంతోషంలో ఆ మూడు గంటలు ఎవరి లెక్కలోకీ రాకుండా పోయాయి.

చాలా ఏళ్ల తరువాత, పాఠం చెప్పడానికి పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు నాకు విషయం అర్థమైంది. పురుగుల మందు విషప్రభావం మొదటి దశ దాటిన తరువాత, సుమారు 24 నుంచి 96 గంటల మధ్య, కొందరు రోగుల్లో మెడ కండరాలు, భుజాలు, తొడల కండరాలు, ఊపిరి తీసుకునే కండరాలు బలహీనపడతాయి. దీనిని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. 1987లో శ్రీలంక వైద్యులు ఇద్దరు దీనికి ఆ పేరు పెట్టారు. దిండు మీది నుంచి తల ఎత్తలేకపోవడం దాని తొలి గుర్తు. ఆ హౌస్ సర్జన్ ఈ సంగతి తప్పకుండా చదివి ఉంటారు, పరీక్షలో అడిగితే పేజీ నిండా రాసి ఉంటారు. నేను దాన్ని కళ్లారా చూశాను. పేరు ఆయన దగ్గర ఉంది, రోగి మెడ నా కళ్ల ముందు ఉంది, రెండింటినీ కలిపే మాట మాత్రం మా ఇద్దరి మధ్యా పుట్టలేదు. "నీరసంగా ఉన్నాడు" అనడానికి బదులు "తల ఎత్తలేకపోతున్నాడు" అని నేను చెప్పి ఉంటే ఆయన లేచి వచ్చేవారనే నా నమ్మకం. "సిస్టర్, నీరసమంటే ఏం చూశారు?" అని ఆయన అడిగి ఉన్నా నేను చెప్పేదాన్ని. ఆ మాట ఎలా చెప్పాలో నాకూ, ఆ ప్రశ్న ఎలా అడగాలో ఆయనకూ ఎవరూ నేర్పలేదు. నాలుగైదేళ్ల చదువులో మేమిద్దరం ఒక్క గంట కూడా కలిసి కూర్చోలేదు.

ఇటువంటి ఉమ్మడి చదువును ఇతర దేశాల్లో ఇంటర్‌ప్రొఫెషనల్ లెర్నింగ్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లోనే, కలిసి పనిచేయాలంటే కలిసి నేర్చుకోవాలన్న అర్థం వచ్చే పేరుతో ఒక నివేదిక ప్రచురించింది. 2010లో దీని మీద పూర్తి స్థాయి కార్యాచరణ పత్రం తెచ్చింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవడమని, రోగికి మేలు కలగడమే దాని గమ్యమని ఆ పత్రం చెబుతుంది. ఆ మూడింటిలో మొదటిది కొంత తేలిక, మూడోది వీలు చూసుకుంటే కుదురుతుంది. మన దగ్గర కష్టమయ్యేది రెండోదే. వైద్య విద్యార్థి నర్సింగ్ విద్యార్థి నుంచి నేర్చుకోవడం, ఫార్మ్‌డీ (ఫార్మసీ డిగ్రీ) విద్యార్థి ల్యాబ్ విద్యార్థి నుంచి నేర్చుకోవడం అనే ఆలోచనకే మన కళాశాలలు అలవాటు పడలేదు. అందరినీ ఒక పెద్ద హాలులో కూర్చోబెట్టి ఒకే ఉపన్యాసం వినిపించి, ఇదే ఉమ్మడి చదువు అనుకునే ప్రమాదం కూడా ఉంది. ఒకే బస్సులో ప్రయాణించినంత మాత్రాన పక్క సీటువాళ్లు చుట్టాలు కారు కదా.

స్వీడన్‌లోని లింకోపింగ్‌లో 1996లో ఒక పని చేశారు. ఒక వార్డును విద్యార్థుల చేతికి ఇచ్చారు. వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చదివే పిల్లలు, తమ తమ గురువుల పర్యవేక్షణలో, నిజమైన రోగులను కలిసి చూసుకున్నారు. పొద్దున రోగికి ఒళ్లు తుడవడం దగ్గరి నుంచి, ఇంటికి ఎప్పుడు పంపాలన్న నిర్ణయం వరకూ అందరూ పాలుపంచుకున్నారు. దాని గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం, అంత పెద్ద ఏర్పాటు చేశారని కాదు. వైద్య విద్యార్థి రోగికి పక్క మార్చడం కూడా ఆ చదువులో భాగమే అయిందన్నది. పక్క మార్చిన చేతికే వీపు మీద పుండు మొదలవుతున్న సంగతి తెలుస్తుంది.

వరంగల్‌లో ఇందుకు కావలసినవన్నీ పక్కపక్కనే ఉన్నాయి. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల ఉంది. దానికి అనుబంధంగా, ఉత్తర తెలంగాణ జిల్లాలన్నింటికీ దిక్కయిన ఎంజీఎం ఆసుపత్రి ఉంది. రాష్ట్రంలోని వైద్య, దంత వైద్య, నర్సింగ్, ఫిజియోథెరపీ కోర్సులను చూసే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. ఫార్మసీ చదువు కాకతీయ విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. ఇన్ని ఉన్నా, ఈ విద్యార్థులు ఒకరినొకరు మొదటిసారి కలుసుకునేది ఉద్యోగంలో చేరిన తరువాత, అర్ధరాత్రి, ఎవరో ఒకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు. పరిచయాలు చేసుకోవడానికి అంతకంటే తగని సమయం ఉండదు.

పురుగుల మందు కేసును ఎంచుకుని పాఠం మొదలుపెట్టాలని నేను అనుకోవడానికి నా అనుభవం ఒక్కటే కారణం కాదు. ఒకప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుల మందు విషప్రభావంతో చేరిన 8,040 మంది వివరాలను పరిశోధకులు పరిశీలించారు; వారిలో 22.6 శాతం మంది ప్రాణాలు దక్కలేదు. ఈ నేల మీద వైద్యం నేర్చుకునే ఏ విద్యార్థికైనా ఈ జబ్బు పుస్తకంలో ఒక అధ్యాయంగా మాత్రమే ఉండదు. పైగా ఈ రోగిని కాపాడటం ఏ ఒక్క వృత్తి చేతిలోనూ లేదు.

వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు, ఫార్మసీ వైపు నుంచి ఒక అధ్యాపకుడు, నేను కలిసి నిరుడు వానాకాలంలో ఆదివారాలు ఎంచుకుని, ఇష్టమైన విద్యార్థులతో ఆరు తరగతులు నడిపాము. ఎవరి ఉత్తర్వూ లేదు, హాజరు లేదు, మార్కులు లేవు. ఒక ఇనుప మంచం, ఒక దిండు, ఒక కేస్ షీట్, ఖాళీ అట్రోపిన్ యాంప్యూల్స్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసాలు) ఒక డబ్బా నిండా, ఇవే మా సామగ్రి.

మొదటి తరగతిలోనే జరిగిన ఒక సంఘటన నేను మరిచిపోలేను. రోగి ఇప్పుడే వచ్చాడు, ఏం చేస్తారు అని అడిగితే, చివరి సంవత్సరం వైద్య విద్యార్థి చక్కగా చెప్పాడు: బట్టలు తీయించి ఒళ్లు సబ్బుతో కడిగించాలి, ఊపిరి దారి చూడాలి, అట్రోపిన్ 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి, అయిదు నిమిషాలకు గుణం కనబడకపోతే మోతాదు రెట్టింపు చేయాలి, ఊపిరితిత్తులు పొడిగా అయ్యేదాకా అలా రెట్టిస్తూ పోవాలి. అంతా సరైనదే. అప్పుడు ఫార్మ్‌డీ అమ్మాయి కాగితం మీద లెక్క వేసింది. మన దగ్గర ఒక యాంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. మొదట మూడు యాంప్యూల్స్, అయిదు నిమిషాలకు ఆరు, తరువాత పన్నెండు, ఆ తరువాత ఇరవై నాలుగు. పావుగంటలో నలభై అయిదు యాంప్యూల్స్. వార్డు అల్మారాలో అన్ని ఉంటాయా, లేకపోతే స్టోరు నుంచి ఇండెంట్ పెట్టి తెప్పించడానికి ఎంతసేపు పడుతుంది అని ఆ అమ్మాయి అడిగింది. వెనుక నిలబడిన మా నర్సింగ్ విద్యార్థిని ఒకరు అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆమె మెల్లగా, "మేడం, ఇరవై నాలుగు పగలగొట్టేది ఎవరు? అయిదు నిమిషాల్లో ఒక్కదానితో కాదు" అంది. డబ్బాలో యాంప్యూల్స్ ఎన్ని ఉన్నాయో చూసుకుని, వాటిని పగలగొట్టి సిరంజిలోకి లాగినట్టు ఆ వైద్య విద్యార్థి చేతనే చేయించాము. గడియారం పెట్టి చూశాము. అతడు "రెట్టింపు చేయాలి" అని ఒక్క మాటలో రాసే ఆదేశం ఇంకొకరి వేళ్ల మీద ఎంత పని పెడుతుందో అతనికి ఆ రోజు తెలిసింది. ఆదేశం రాసే ముందే ఇద్దరు నర్సులను పిలవాలని, స్టోరుకు కబురు పంపాలని అతడే ప్రతిపాదించాడు. దీనిని ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చూడలేదు.

తరువాతి వారం అదే రోగిని రెండో రోజుకు తెచ్చాము. రోగి మంచం మీది నుంచి లేవబోతున్నాడు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, గాలిలో ఏవో ఏరుతున్నాడు. ఇది విషం ఇంకా పనిచేస్తున్నందువల్లనా, అట్రోపిన్ ఎక్కువైనందువల్లనా? ఇక్కడ నర్సింగ్ విద్యార్థులు ముందుకు వచ్చారు. ఒళ్లు కాలుతోందా, నాలుక ఎండిందా, మూత్రం బిగబట్టిందా, కడుపులో పేగుల కదలిక వినబడుతోందా అని వాళ్లు వరసగా చూడగలిగారు, ఎందుకంటే గంట గంటకూ రోగిని ముట్టుకునేది వాళ్లే. ల్యాబ్ విద్యార్థి ఒకరు, రక్తం తీసేటప్పుడు కణాలు చితికిపోతే పొటాషియం లేనిపోని ఎక్కువగా కనబడుతుందని, ఆ రిపోర్టు చూసి డాక్టర్లు కంగారు పడతారని, అందుకే ఒక్కోసారి రక్తం మళ్లీ పంపమని తాము అడుగుతామని చెప్పాడు. "మళ్లీ పంపమంటే మేము మీకు పని చేతకాదనుకునేవాళ్లం" అని ఒక హౌస్ సర్జన్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. మూడో రోజు రోగి దగ్గర ఫిజియోథెరపీ విద్యార్థిని మెడ కింద చెయ్యి పెట్టి, తల ఎత్తించి చూసే పద్ధతి అందరికీ నేర్పింది. ఆమె చెయ్యి తీసి, "ఇప్పుడు మీరే ఎత్తండి" అన్నప్పుడు, నా కళ్ల ముందు ఆ ఏడో నంబరు మంచం మెదిలింది. ఆ రాత్రి సంగతి అప్పుడే విద్యార్థులకు చెప్పాను.

అలా చెప్పడంలో నేను ఒక తప్పు చేశాను. నర్సు చూసింది, డాక్టరు పట్టించుకోలేదు అన్న ధోరణి నా కథనంలో తొంగిచూసింది. ఆ తరువాతి ఆదివారం వైద్య విద్యార్థులు ముగ్గురు రాలేదు. నా స్నేహితురాలు నన్ను పక్కకు పిలిచి, "అక్కా, నువ్వు వాళ్లని బోనులో నిలబెట్టినవ్" అంది. ఆమె అన్నది నిజం. నిద్రలేని ఆ కుర్రవాడికి, అతడు పట్టుకోగలిగిన మాట నేను అందించలేదు. తప్పులో నా భాగం ముందుగా చెప్పి ఉండవలసింది. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి మాట్లాడాను. ఇద్దరు తిరిగి వచ్చారు.

కలిసి కూర్చోబెట్టినంత మాత్రాన మనుషుల మధ్య గోడలు కూలవని 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు. రెండు వర్గాల మధ్య చిన్నచూపు తగ్గాలంటే వాళ్లు సమాన స్థాయిలో కలవాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, పోటీ కాకుండా సహకారం ఉండాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి అన్నది ఆయన ప్రతిపాదన. మా గదిలో ఇది కుర్చీల దగ్గరే మొదలైంది. మొదటి రోజు ఎవరూ చెప్పకుండానే వైద్య విద్యార్థులు ముందు వరసలో కూర్చున్నారు, మా పిల్లలు గోడ వారగా నిలబడ్డారు. మూడో తరగతి నుంచి కుర్చీలు తీసేసి అందరినీ మంచం చుట్టూ నిలబెట్టాము. ఒక్కో వృత్తి నుంచి ఇద్దరికి మించకుండా జట్లు చేశాము. జట్టు తరఫున మాట్లాడే వంతు చీటీ వేసి తీశాము. పిలుపు విషయంలో కూడా ఒక మాట అనుకున్నాము. ఆసుపత్రిలో సార్, మేడం, సిస్టర్ అనే పిలుపులు ఎలాగూ తప్పవు, వాటిలో మర్యాద కూడా ఉంది. కానీ తరగతిలో మాత్రం ప్రతి ఒక్కరూ ముందు తమ పేరు, తాము చేసే పని చెప్పాలి. ఇది మా సొంత ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలోని 19 అంశాల్లో, కోత పెట్టే ముందు ఆపరేషన్ గదిలోని అందరూ తమ పేరూ పనీ చెప్పుకోవడం ఒకటి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఆ పట్టికను అమలు చేసి చూస్తే, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. పేరు చెప్పుకోవడం వల్లనే అంతా జరిగిందని నేను అనను. అయితే ఒకసారి నోరు విప్పి పేరు చెప్పిన మనిషికి, తరువాత "ఆగండి" అని చెప్పడం కొంత తేలికవుతుంది.

చెప్పే పద్ధతి గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే నా దృష్టిలో అసలు పాఠం ఇదే. రోగి పరిస్థితిని ఫోన్‌లో గాని, డ్యూటీ మారేటప్పుడు గాని చెప్పడానికి ఎస్‌బార్ అనే నాలుగు మెట్ల పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాములు నడిపేవాళ్ల నుంచి అది ఆసుపత్రులకు వచ్చింది. మా తరగతిలో దాన్ని తెలుగులో నాలుగు ప్రశ్నలుగా మార్చుకున్నాము. ఇప్పుడు ఏం జరుగుతోంది? ఇంతకుముందు ఏం జరిగింది? నేను ఏమనుకుంటున్నాను? మీరు ఏం చేయాలి? మొదటి రెండింటినీ మా నర్సింగ్ పిల్లలు తడుముకోకుండా చెబుతారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. "నేను ఏమనుకుంటున్నాను" అని చెప్పే హక్కు తమకు ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు, కళాశాలలోనూ చెప్పలేదు. ఒక అమ్మాయి నాలుగు సార్లు ప్రయత్నించి, నాలుగు సార్లూ "సార్, మీరే ఒకసారి చూడండి" అనే ఆపేసింది. ఐదోసారి, "మెడ కండరాలు బలహీనపడుతున్నాయని నాకు అనిపిస్తోంది సార్, ఊపిరి ఆగకముందే మీరు వచ్చి చూడాలి" అని పూర్తి చేసింది. ఆమెకు ఎదురుగా డాక్టరుగా నిలబడిన విద్యార్థికి కూడా అప్పుడు ఒక పని అప్పజెప్పాము: నర్సు మూడో మెట్టు దగ్గర ఆగిపోతే, "మీకు ఏమనిపిస్తోంది సిస్టర్?" అని తానే అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగడం వైద్య విద్యార్థులకు ఎంత కొత్తో, జవాబు చెప్పడం మా పిల్లలకు అంత కొత్త.

ఐదో తరగతికి ములుగు వైపు నుంచి ఒక ఆశా కార్యకర్తను పిలిచాము. ఆమె చెప్పిన దానిలో ఎక్కువ భాగం మాకెవరికీ తెలియదు. రైతు ఏ మందు కొట్టాడో ఆసుపత్రిలో అడిగితే ఇంటివాళ్లు చెప్పలేరు. డబ్బా చేను గట్టు మీదే పడి ఉంటుంది. చాలాసార్లు రెండు మూడు మందులు కలిపి కొడతారు. ఏ దుకాణంలో ఉద్దెరకు తెచ్చారో అడిగితే మాత్రం చెబుతారు. ఆమె మాట విన్న తరువాత మా విద్యార్థులు కేస్ షీట్‌లో అడగవలసిన ప్రశ్నల్లో దుకాణం పేరును కూడా చేర్చారు.

ఈ పద్ధతి వల్ల రోగులకు నిజంగా మేలు కలుగుతుందా అని నన్ను అడిగిన వాళ్లున్నారు. అది న్యాయమైన ప్రశ్న. 2013లో, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ తరఫున జరిగిన సమీక్షలో ప్రమాణాలకు నిలిచిన అధ్యయనాలు 15 మాత్రమే దొరికాయి. వాటిలో ఏడింటిలో మంచి ఫలితాలు, నాలుగింటిలో మిశ్రమ ఫలితాలు కనిపించాయి, నాలుగింటిలో ఏ తేడా కనిపించలేదు. కలిసి చదివించగానే మరణాలు తగ్గిపోతాయని చెప్పడానికి ఇది చాలదు. నేను కూడా అలా చెప్పడం లేదు. ఆరు ఆదివారాల తరగతులతో ఏ ఆసుపత్రీ మారదు. అయితే మెడ ఎత్తించి చూడటం, యాంప్యూల్స్ లెక్కపెట్టడం, "నాకు ఇలా అనిపిస్తోంది" అని చెప్పడం నేర్పితే వస్తాయని, నేర్పకపోతే రావని మాత్రం నా కళ్లతో చూశాను.

అడ్డంకుల విషయానికి వస్తే, మనసు లేకపోవడం కంటే టైంటేబుల్ పెద్ద అడ్డంకి. నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది, ఫార్మసీ చట్టం 1948లో వచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తులకు 2021లో గాని జాతీయ చట్టం రాలేదు. ఎవరి పాఠ్యప్రణాళిక వారిది, ఎవరి పరీక్షలు వారివి. 2019లో ఎంబీబీఎస్‌కు వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక, పట్టభద్రుడైన వైద్యుడికి ఉండవలసిన ఐదు పాత్రల్లో ఆరోగ్య బృందానికి నాయకుడిగా, సభ్యుడిగా ఉండటం ఒకటని స్పష్టంగా చెప్పింది. నాయకత్వం సంగతి అందరూ చదువుతారు. సభ్యుడిగా ఉండటం ఎలాగో, మిగతా సభ్యులు గదిలో లేకుండా ఎలా నేర్పుతాము?

కొత్త గంటలేవీ అడగకుండానే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు వైద్య విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకుని, కొన్నేళ్ల పాటు వాళ్ల ఆరోగ్యం చూస్తున్నారు. మా నర్సింగ్ విద్యార్థులు కూడా కమ్యూనిటీ హెల్త్ పోస్టింగ్ కింద ఊళ్లకు వెళతారు. ఒక ఊళ్లో వాళ్లు మంగళవారం వెళ్లి బీపీ చూసి వస్తే, వీళ్లు గురువారం వెళ్లి అదే ఇంట్లో అదే ముసలమ్మకు మళ్లీ బీపీ చూస్తున్నారు. ఆ ముసలమ్మ మా పిల్లలతో, "మొన్ననే జూసిన్రు గద బిడ్డా, మీకు మీకు మాటల్లేవా?" అందట. ఇద్దరూ ఒకే రోజు, ఒకే బండిలో వెళ్లడానికి ఏ చట్టమూ అడ్డం కాదు. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్, మంచిర్యాల వంటి చోట్ల 2022, 2023 సంవత్సరాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడ పాత అలవాట్లు ఇంకా గట్టిపడలేదు. హౌస్ సర్జన్లకు, నర్సింగ్, ఫార్మ్‌డీ ఇంటర్న్‌లకు మొదటి వారం శిక్షణ కలిపి ఇవ్వడం అక్కడ మొదలుపెడితే ఎంతో బాగుంటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరలో పెట్టే వైద్య శిబిరాల్లో డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఏఎన్‌ఎం, ఆశా ఒకే గుడారం కింద రాత్రింబవళ్లు పనిచేస్తారు. ఆ నాలుగు రోజులు ఎలా సర్దుకుని పనిచేశారో విద్యార్థులకు వచ్చి చెప్పమని వాళ్లను అడిగితే చాలు, ఒక మంచి తరగతి అవుతుంది.

ఈ ఏడాది తరగతులను నాట్ల కాలానికి ముందే మొదలుపెడుతున్నాము, ఎందుకంటే పొలం గట్ల మీద పాములు తిరిగే రోజులు అవే. కేసు కట్లపాము కాటు. రక్తం గడ్డకడుతుందో లేదో ఇరవై నిమిషాలు ఆగి చూసే పరీక్షకు పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు గొట్టం కావాలని, సబ్బుతో కడిగిన గొట్టమైతే ఫలితం తప్పు వస్తుందని ల్యాబ్ విద్యార్థులు చెబుతారు. పొడి రూపంలో ఉన్న విరుగుడు మందును నురగ రాకుండా ఎలా కలపాలో ఫార్మ్‌డీ, నర్సింగ్ పిల్లలు చూపిస్తారు. కట్లపాము విషం కూడా కనురెప్పల మీద, మెడ మీద ముందుగా కనబడుతుంది. ఈసారి రోగిగా మంచం మీద పడుకునేది ఒక వైద్య విద్యార్థి. తన మీదుగా నలుగురూ ఏమేమి మాట్లాడుకుంటారో కదలకుండా వినాలని అతనికి చెప్పాము. ఫిజియోథెరపీ అమ్మాయి నిన్న ఫోన్ చేసి, పోయినసారి దిండు మరీ ఎత్తుగా ఉందని, తల ఎత్తుతున్నాడో లేదో సరిగా తెలియలేదని, పలచటి దిండు తెమ్మని చెప్పింది. మా ఇంట్లో ఒకటి ఉంది. గలీబు ఉతికి పెట్టాను.